వంతులమ్మ పగ

పగ పట్టడం అందరికీ చేతకాదు. చాలామంది కోపాన్నే పగ అనుకుంటారు. కోపం పాలపొంగు లాంటిది, నాలుగు నీళ్ళచుక్కలు చిలకరిస్తే దిగిపోతుంది. పగకి ఓపిక కావాలి, జ్ఞాపకం కావాలి, అన్నిటికన్నా ముందు ఎదుటివాడి వంతు వచ్చేదాకా కదలకుండా కూర్చోగల నడుం కావాలి. ఈ మూడూ పుష్కలంగా ఉన్న మనిషి వంతులమ్మ.

ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది, ఎవరికీ గుర్తులేదు. పెద్దాసుపత్రిలో చీటీల కిటికీ వెనకాల కూర్చుని నంబర్లు పిలవడం ఆమె ఉద్యోగం. ఆ కిటికీ ముందు దొరైనా బంట్రోతైనా ఒకటే. ఎవడైనా మోచేతులతో పొడుచుకుంటూ ముందుకొస్తే ఆమె అరిచేది కాదు. "అలాగే బాబూ, కాస్త పక్కన నిలబడండి" అనేది వెన్న రాసినట్టు. ఆ పక్కన నిలబడ్డవాడు అలా నిలబడే ఉండేవాడు. ఒకసారి పెద్ద డాక్టరుగారి బామ్మర్ది అలాగే నిలబడి, కిటికీ మూసే వేళకి కాళ్ళు పీక్కుపోయి, "నా వంతెప్పుడమ్మా?" అని అడిగాడు. "మీరు వరసలోనే లేరుగా బాబూ. వరసలో లేనివాళ్ళకి వంతెక్కడిది?" అంది ఆమె, కిటికీ దించేస్తూ. ఆ రోజునుంచి ఆసుపత్రంతా ఆమెను వంతులమ్మ అంది, ఉద్యోగం మానేశాక వీధి కూడా అదే అంటోంది.

మన మాటల్లో వంతుకు రెండర్థాలున్నాయి. వరసలో నిలబడితే వచ్చేదీ వంతే, పంపకాల్లో చేతికి దక్కేదీ వంతే. వంతులమ్మకు మాత్రం ఆ రెండూ ఒకటే. అందరికీ ఒక్కో వంతు వచ్చిందంటే అందరికీ సమానంగా దక్కినట్టే కదా, ఇందులో ఆలోచించడానికేముంది అనుకునేది. సరిగ్గా ఆ మాట దగ్గరే ఆమె కొంప మునిగింది.

భర్త పోయాడు, పిల్లలు లేరు. ఉన్నది ఒక్క చెల్లెలు. పసితనంలో జ్వరం తగిలి ఆ పిల్లకు చెవులు పోయాయి, చెవులతోపాటు మాటా రాలేదు. బడిలో వెనక బెంచీ మీద కూర్చోబెట్టి వదిలేశారు, అందుకని చదువూ అంటలేదు. ఇక ఇంట్లోవాళ్ళే ఒక భాష కల్పించుకున్నారు. చుబుకం మీద వేలు పెడితే అమ్మ, ఎందుకంటే అమ్మకు అక్కడ పుట్టుమచ్చ. జడ లాగినట్టు చేస్తే అక్క. నాలిక చివర గిల్లినట్టు చేస్తే అబద్ధం. పొట్ట మీద అగ్గిపుల్ల గీసినట్టు చేస్తే కడుపు మండిపోతోందని. పుస్తకాల్లో ఉండే సైగలు కావవి, ఆ వంటింట్లో పుట్టి ఆ వంటింట్లో పెరిగినవి. అమ్మా నాన్నా వెళ్ళిపోయాక ఆ భాష తెలిసినవాళ్ళు లోకం మొత్తంలో ఇద్దరే మిగిలారు.

ఆ భాషలో ఒక్కటే బూతు ఉంది. కళ్ళు మూసుకోవడం. చిన్నప్పుడు ఏదో రిబ్బను కోసం పోట్లాట వచ్చి, చెల్లెలు చేతులు తిప్పుతూ నానా మాటలూ అంటుంటే, అక్క తాపీగా కళ్ళు మూసుకుంది. పాపం ఆ పిల్ల ఇంకెవరికి చెప్పుకుంటుంది? భుజాలు కుదిపింది, గిచ్చింది, చివరికి ఏడుస్తూ వేళ్ళతో అక్క రెప్పలు పైకి లాగడం మొదలుపెట్టింది. అమ్మ పరుగున వచ్చి పెద్దదాని వీపు మీద ఒక్కటిచ్చింది. "దాని నోరు నీ కళ్ళల్లో ఉందే! ఇంకోసారి నొక్కావంటే చంపేస్తాను" అంది. ఆ తర్వాత అక్కచెల్లెళ్ళు ఎన్నిసార్లు తిట్టుకున్నా, వంతులమ్మ ఆ పని మళ్ళీ చేయలేదు.

చెల్లెలు వేరే ఊళ్ళో ఒక లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. ఒంటరి మనిషి. పగలంతా ఆవిరి పెట్టెతో కుస్తీ పట్టి, సాయంత్రం అక్కడే బల్ల మీద ఫోను నిలబెట్టి అక్కకు వీడియో చేస్తుంది. రోజంతా కట్టేసిన చేతులకు అప్పుడే తీరిక, అప్పుడే మాట. వంతులమ్మకూ అంతే. ఆ వేళకు ఆమె మొహం కడుక్కుని, దీపం వెలుతురు చేతుల మీద పడేలా కుర్చీ జరుపుకుని కూర్చునేది.

వంతులమ్మ ఉండే ఇల్లు నాలుగు వాటాలది. ముందు వాటా ఆమెది, పక్కన టైలరమ్మది, మేడ మీద ఒక నర్సు, అక్కడే చివరి గదిలో మాటల మాస్టారు. ఇంటాయన నలుగురికీ కలిపి ఒకే నెట్టు లైను వేయించాడు. వైరు వచ్చేది ముందు గోడలోంచే కాబట్టి వైఫై పెట్టె వంతులమ్మ హాల్లో పెట్టారు. పెట్టిన కేబులాయన నడివయసు మనిషి, ఎప్పుడూ విసుక్కుంటూ ఉంటాడు. "ఎవరూ కొట్టుకోకండి, ఈ పెట్టె అందరికీ సమానంగా వంతులిస్తుంది" అన్నాడు వెళ్ళేముందు. ఆ మాటతో వంతులమ్మకు ఆ పెట్టె మీద సొంత మనిషి మీద ఉన్నంత అభిమానం పుట్టుకొచ్చింది. రోజూ దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచేది.

మాటల మాస్టారి వృత్తి పదిమందిలో ధైర్యంగా మాట్లాడటం ఎలాగో నేర్పడం. సాయంత్రమైతే లాప్‌టాప్ ముందు నిలబడి, "మాటే మనిషి! మాట లేనివాడు మానే!" అంటూ దేశదేశాల శిష్యులకు పాఠం చెప్పేవాడు. ఆయన పాఠమూ చెల్లెలి ఫోనూ ఒకే వేళకు. ఆయన గొంతు మేడ మీద లేవగానే కింద ఫోనులో చెల్లెలి చేతులు తడబడేవి. ఒక సైగ సగంలో ఆగి, తర్వాతిది దాని మీద ఎక్కి, అర్థమే మారిపోయేది. ఒకనాడు చెల్లెలు "అన్నం తిన్నావా" అని అడిగితే వంతులమ్మకు "అబద్ధం తిన్నావా" అన్నట్టు కనబడింది. ఇద్దరూ నవ్వుకున్నారు గానీ, రోజూ నవ్వుకోవాలంటే ఎవరి వల్లవుతుంది?

చల్లకొచ్చి ముంత దాచే అలవాటు ఆమెకు లేదు. తిన్నగా మేడెక్కింది. మాస్టారు వరండాలో నర్సుతోనూ టైలరమ్మతోనూ కబుర్లాడుతున్నాడు.

"మాస్టారూ, మీ పాఠం ఒక్క అరగంట ముందుకో వెనక్కో జరుపుకుంటారా? మా చెల్లెలితో మాట్లాడుకోవాలి. బొమ్మ ఆగిపోతోంది."

"మాట్లాడటమా?" మాస్టారు కనుబొమలెగరేశాడు. "ఆవిడ మూగావిడ కదూ?"

"చేతులతో మాట్లాడుతుంది."

"చేతులు ఊపుకోవడానికి అంత నెట్టెందుకు అక్కయ్యా? ఓ ఫోటో తీసి పంపుకోండి, సరిపోతుంది!" అని, తన చమత్కారానికి తనే పకపకా నవ్వి, రెండు చేతులూ గాలిలో కోతిలా ఆడించి చూపించాడు. నర్సు నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. టైలరమ్మ కూడా నవ్వాపుకోలేకపోయింది.

వంతులమ్మ కొంగు సర్దుకుంది. "అలాగే మాస్టారూ" అంది. ఆ 'అలాగే' ఎలాంటిదో ఆసుపత్రిలో అడిగితే చెప్పేవాళ్ళు.

మెట్లు దిగుతుంటే ఆమె చేయి దానంతటదే పొట్ట మీద అగ్గిపుల్ల గీసింది. తనను అని ఉంటే వదిలేసేదేమో. నోరు లేని పిల్లను అన్నాడు. చిన్నప్పుడు వీధి చివర పిల్లలు చెల్లెల్ని చూసి సరిగ్గా అలాగే చేతులాడించేవాళ్ళు, వాళ్ళలో ఇద్దరికి వంతులమ్మ చేతిలో ముందు పళ్ళూడాయి కూడా. మాస్టారికి పళ్ళు రాలగొట్టి లాభం లేదు. వాడికి మాటే మనిషి, ఆ మాటే పడిపోవాలి.

ఆమె ఆలోచన సూటిగా సాగింది. పెట్టె అందరికీ సమానంగా వంతులిస్తోంది. పెట్టె ధర్మం పెట్టెది. ఆ వంతు అందుకోవాలంటే దాని మాట వినబడాలిగా! వినబడకుండా చేస్తే వాడి వంతు కూడా మనకే మిగులుతుంది. మర్నాడే పెట్టెను హాలు మధ్యనుంచి తీసి తన కుర్చీ పక్కన, ఇనుప బీరువాకీ గోడకీ నడుమ సందులో పెట్టింది. బీరువా వీపు సరిగ్గా మాస్టారి గది వైపు.

ఆ సాయంత్రం మేడ మీదినుంచి "మాటే మని..." అని వినబడి ఆగింది. "హలో? హలో, వినబడుతున్నానా?" "నా గొంతు వస్తోందా అండీ? హలో?" వంతులమ్మ కింద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఒక్కో హలోకి ఒక్కో ఈనె. జన్మలో అంత కమ్మగా కూరలు బాగుచేసింది లేదు. ధైర్యంగా మాట్లాడటం నేర్పేవాడు మొహం వేలాడేసుకుని వరండాలో ఫోను పైకెత్తి తిరుగుతుంటే, కిటికీ సందులోంచి చూడటానికి ఆమెకు రెండు కళ్ళూ చాలలేదు.

వింతేమిటంటే, చెల్లెలి బొమ్మ బాగుపడలేదు. మునుపటికన్నా ఎక్కువ ఆగుతోంది. ఇంత చేసినా వీడింకా లాక్కుంటున్నాడే అని వంతులమ్మ పళ్ళు నూరింది. "ఈమధ్య నెట్టు మరీ నత్తనడకైంది పిన్నీ, నాకూ రావట్లేదు" అని టైలరమ్మ మొత్తుకుంటే, "అంతా పైనున్న ఆయన పుణ్యమే" అని పంపేసింది. ఆ పైన బీరువా మీదికి పాత ఇనుప ట్రంకు ఎక్కించింది, సందుకు అడ్డంగా స్టీలు డబ్బాలు పేర్చింది. మేడ మీద హలోలు ఏడుపు గొంతులోకి దిగాయి. ఆమె పగ మూడు పువ్వులు ఆరు కాయలుగా ఉంది.

ఆ సాయంత్రమే చెల్లెలు ఫోను చేసింది. మామూలుగా ఉండే నవ్వు లేదు. ఏదో పెద్ద విషయం చెప్పబోయేముందు చేతులు ఒడిలో తుడుచుకునే అలవాటు ఆమెది, అలా తుడుచుకుంది. జడ లాగింది: అక్కా. గుండె మీద చేయి పెట్టుకుంది: నేను. తర్వాత రెండు వేళ్ళు గాలిలోకి లేచి అక్కడే నిలిచిపోయాయి. మేడ మీద మాస్టారు "వినబడుతోందా?" అని గొంతు చించుకుంటున్నాడు. వంతులమ్మ ఫోను తట్టింది, కుదిపింది. చాలాసేపటికి బొమ్మ ఒక్కసారి ఎగిరిపడింది. చెల్లెలి చేతులు ఒడిలో ఉన్నాయి. మొహం పాలిపోయి ఉంది. ఆమె చేయి చాచి ఫోను కట్టేసింది.

ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. మర్నాడూ అంతే. వంతులమ్మకు అన్నం సహించలేదు. మాస్టారి మీద పగ నషాళానికంటి, కేబులాయన్ని పిలిపించి, "ఆ మేడమీదాయన తీగ తెంపెయ్యి" అంది.

కేబులాయన తీగ సంగతి వదిలి పెట్టె ఎక్కడని వెతికాడు. డబ్బాలు తీశాడు, ట్రంకు చూశాడు, బీరువా చూశాడు, చివరికి వంతులమ్మను చూశాడు.

"దీన్ని ఇక్కడ పాతిపెట్టిందెవరక్కా?"

"నేనే. వాడికి అందకూడదని."

"అయ్యో రాత! అందకపోతే వాడొక్కడే పోతాడనుకున్నావా?" ఆయన నెత్తి కొట్టుకున్నాడు. "ఈ పెట్టె మనిషికో వంతు చొప్పున మాట్లాడుతుంది. నీ ఫోను పక్కనే ఉంది, చిటికెలో చెప్పేస్తుంది. ఆయన లాప్‌టాపుకి వినబడదు. అందుకని ఒక్కో మాటా సాగదీసి సాగదీసి, మళ్ళీ మళ్ళీ చెప్పాలి. ఆ ఒక్క వంతు అయ్యేదాకా మీరంతా నోరు మూసుకుని నిలబడాలి. వంతులు సమానమే, సేపు సమానం కాదు. ఆయన గది మొదటే దూరం, అందుకే అప్పుడు కొంచెం ఆగేది. నువ్వు ఆయన చెవులు పూర్తిగా మూసేశావు."

"మరి సేపు లెక్కపెట్టి పంచదా ఇది?"

"కొత్తరకం పెట్టెలు పంచుతాయి. ఎంతసేపు మాట్లాడాడో చూసి, చాలు జరుగు అంటాయి. ఇది పాతది. దీనికి నీలాగే వంతులు తప్ప ఇంకేం తెలీదు."

వంతులమ్మ కుర్చీలో కూలబడింది. ఆసుపత్రి కిటికీ కళ్ళముందుకొచ్చింది. పళ్ళూడిపోయి, చెవులు వినబడని ముసలాయన ఒకడు వచ్చేవాడు. అందరిలాగే ఆయనకూ ఒకటే వంతు. కానీ పేరేమిటి, ఒంట్లో ఏమిటి అని కిటికీలోంచి గొంతు పోయేలా అరిచి అడిగేసరికి వరస గేటు దాటి వీధిలోకి పోయేది. చివరికి ఆమే లేచి, బయటికొచ్చి, ఆయన చెవి దగ్గర కూర్చుని అడిగేది. రెండు నిమిషాల్లో తేలిపోయేది. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడమంటే ఏమిటో ఆమెకు అప్పుడు తెలిసింది. మాస్టారి మాట ఆపబోయి చెల్లెలి చేతులు తనే కట్టేసింది.

చెల్లెలు ఎత్తట్లేదు కాబట్టి లాండ్రీ యజమానురాలికి చేసింది.

"నేనే చేద్దామనుకుంటున్నానమ్మా" అంది ఆవిడ. "ఈ కొట్టు ఎత్తేస్తున్నాం కదా, మీ దగ్గరికి వచ్చేస్తానని మొన్నంతా సంబరంగా చేతులతో చూపించింది. మిమ్మల్ని అడుగుతానంది. తర్వాతేమైందో, ఫోను చూపించి, రెండు వేళ్ళతో తన కళ్ళు మూసుకుని చూపిస్తుంది. అదేమిటో మాకు అర్థం కాలేదు."

వంతులమ్మకు అర్థమైంది. నీ దగ్గరికి వచ్చేయనా అని చెల్లెలు అడిగింది. అక్క రెప్ప వేసిన క్షణంలో చెల్లెలి ఫోనులో బొమ్మ ఆగిపోయింది. ఆ మూసిన కళ్ళను ముందు పెట్టుకుని, ఆ పిల్ల అంతసేపూ చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చుంది. ఆ బూతు కళ్ళబడ్డాక నెట్టు సంగతి గుర్తుకే రాలేదు, అదే జవాబనుకుంది. వంతులమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"అక్కా, పెట్టె ఎక్కడ పెట్టమంటావు?" అన్నాడు కేబులాయన మెల్లగా.

ఆమె కళ్ళు తుడుచుకుని లేచింది. చెవి దగ్గర కూర్చోవాలి, తప్పదు. "మెట్ల మీద. వాడి గుమ్మం పక్కన" అంది. ఆ మాట అనడానికి ఆమె ఎంత మింగిందో ఆమెకే తెలుసు. కేబులాయన వైరు లాగుతుంటే, తన చేతులతోనే పెట్టెను మోసుకెళ్ళి శత్రువు గుమ్మం పక్కన మేకుకు తగిలించింది. మాస్టారు తలుపు తీసి చూసి, "ఆఁ, అదీ! తప్పు తెలుసుకున్నారు. నేనేం మనసులో పెట్టుకోను లెండి అక్కయ్యా" అన్నాడు పెద్దరికంగా. "అలాగే మాస్టారూ" అంది ఆమె.

తలుపు మూసుకున్నాక, ఆ మెట్ల మీదే నిలబడి యజమానురాలికి వీడియో చేసింది. "దాని ముందు పెట్టండి, ఎంతసేపైనా పట్టుకోండి" అని బతిమాలింది.

బొమ్మ తేటగా వచ్చింది. ఇస్త్రీ బల్ల, దాని మీద సగం మడిచిన దుప్పటి, బల్ల వెనకాల చెల్లెలు. ఫోను కనబడగానే తలెత్తింది. అక్క మొహం చూసింది. చూసి, గట్టిగా, నుదురు ముడతలు పడేలా కళ్ళు మూసుకుంది.

బొమ్మ ఆగిందేమోనని వంతులమ్మ ఆశపడింది. ఆగలేదు. ఇస్త్రీ పెట్టెలోంచి ఆవిరి లేస్తూనే ఉంది. చెల్లెలి రెప్పలు వణకడం కూడా కనబడుతోంది. ఇన్నాళ్ళూ సరిగ్గా రాని బొమ్మ, ఈ ఒక్కటి చూపించడానికే అంత శుభ్రంగా వచ్చినట్టుంది. తలుపు తట్టడానికి లేదు, పేరు పెట్టి పిలవడానికి లేదు, రెప్పలు పైకి లాగడానికి చేయి అందదు. ఇప్పుడు చెల్లెలి వంతు. తనకు దక్కే వంతు ఇలా ఉంటుందని వంతులమ్మ ఎన్నడూ అనుకోలేదు.

అయినా చేతులు దించలేదు. ఫోనును మెట్ల కమ్మీ సందులో ఇరికించి, చూడని మనిషి ముందు చేతులు తిప్పుతూనే ఉంది. అక్క మూసుకోలేదు. పెట్టె తప్పు. అబద్ధం కాదు. నా తప్పు. రా. రా. రా. చేతులు లాగేస్తున్నా ఆపలేదు. చాలాసేపటికి చెల్లెలు ఒక కన్ను సన్నగా, దొంగచాటుగా తెరిచింది, ఇంకా ఉందా పోయిందా అని. అక్క ఉంది. అక్క బుగ్గల మీద నీళ్ళున్నాయి. రెండో కన్ను కూడా తెరుచుకుంది.

చెల్లెలు మళ్ళీ మొదటినుంచి అడిగింది. జడ లాగింది, గుండె మీద చేయి పెట్టుకుంది, రెండు వేళ్ళను గాలిలో నడిపించింది. ఈసారి ఆ వేళ్ళు ఆగకుండా నడిచి అక్క దాకా వచ్చాయి. వంతులమ్మ రెండు చేతులూ చాచింది. తర్వాత జరిగిందంతా దాచకుండా చెప్పింది, బీరువా, ట్రంకు, మాస్టారన్న మాట, మాస్టారి కోతిచేతులు. చెల్లెలి మొహం ఎర్రబడింది. పొట్ట మీద అగ్గిపుల్ల గీసింది, ఒకటి కాదు, అగ్గిపెట్టెడు. వస్తున్నా, వాడి సంగతి ఇద్దరం చూద్దాం అంది. అక్క తలూపింది.

అప్పుడే తలుపు తెరుచుకుంది. మాస్టారు కాఫీ గ్లాసు పట్టుకుని బయటికొచ్చి ఫోనులోకి తొంగిచూశాడు. "ఓహో, చెల్లెలుగారా! నమస్కారం, నమస్కారం!" అంటూ ఖాళీ చేతిని గాలిలో ఆడించాడు.

చెల్లెలు ఆయన్ని నిదానంగా చూసింది. ఆ చేతిని చూసింది. చూపు ఆయన మొహం మీద నిలిపి, తీరిగ్గా, రెండు కళ్ళూ మూసుకుంది.

మాస్టారు కాసేపు ఊపి, ఊపి, చేయి దించాడు. "అయ్యో, బొమ్మ ఆగిపోయినట్టుందే అక్కయ్యా!"

"ఆగలేదు మాస్టారూ" అంది వంతులమ్మ. "మా చెల్లెలు మీతో మాట్లాడుతోంది."